అడవే మన మొదటి కట్ట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సుస్థిరాభివృద్ధికి అడవుల సంరక్షణ ఎంత అవసరమో మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ అంశం మీద నేను ఇదే బడిలో ఎనిమిదో తరగతిలో వ్యాసం రాశాను. అడవులు ప్రాణవాయువును ఇస్తాయి, వానలు కురిపిస్తాయి, కలప ఇస్తాయి అని వరుసగా రాసి, చివర్లో ‘కావున మనమందరం చెట్లు నాటవలెను’ అని ముగించాను. బహుమతి రాలేదు. రాకపోవడమే న్యాయం. అందులో బాన్సువాడ లేదు, మన పొలాలు లేవు, మన కాలువ లేదు. ఆ వ్యాసం ఏ ఊళ్లో కూర్చునైనా రాయొచ్చు. ఆ లోటును ఇవాళ పూడ్చుకుందామని వచ్చాను.

మన ప్రాంతానికి అన్నం పెట్టింది నిజాంసాగర్. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసినా, ఇక్కడ రెండు పంటల వరి పండినా, మనలో చాలామంది ఇళ్లలో చదువులు సాగినా, వాటన్నింటి వెనక మంజీర నీళ్లే ఉన్నాయి. ఆ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. రూపకల్పన చేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు జులై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పట్ల నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది. కాబట్టి ఇప్పుడు చెప్పే లెక్కను ఆయన మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు.

కట్టినప్పుడు నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం 29.72 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. 1970ల మొదటికి, అంటే సుమారు నలభై ఏళ్లకే, అది దాదాపు 11.8 టీఎంసీలకు పడిపోయింది. కట్ట కూలలేదు, గేట్లు విరగలేదు. జలాశయం అడుగున మట్టి చేరింది. నూటికి అరవై పాళ్ల నీటి చోటును మట్టి ఆక్రమించింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచి, పూర్తి నీటిమట్టాన్ని 1,405 అడుగులకు తెచ్చి, నిల్వను 17.8 టీఎంసీలకు చేర్చారు. మొదట 2 లక్షల 75 వేల ఎకరాలకు అనుకున్న ఆయకట్టు 2 లక్షల 31 వేల ఎకరాలకు తగ్గింది.

చిన్నప్పుడు జూన్, జులై నెలల్లో కాలువలో కొత్త నీరు వచ్చిందంటే మనం బడి వదలగానే గట్టుకు పరుగెత్తేవాళ్లం. గుర్తుందా? టీ రంగులో, నురగలతో వచ్చేది. అది చూసి పెద్దలు కూడా సంతోషించేవారు. ఆ రంగు ఎక్కడిదని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇంజనీరింగ్ చదువుకున్నాక తెలిసింది. అది ఎవరో ఒకరి పొలం పైపొర. ఒక అంగుళం మందం పైమట్టి తయారుకావడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. కొట్టుకుపోవడానికి నాలుగు పెద్ద వానలు చాలు.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ వైపులుగా పారి, సంగారెడ్డి, మెదక్ దాటి మన దగ్గరికి వస్తుంది. నిజాంసాగర్‌కు నీరిచ్చే పరీవాహక ప్రాంతం 21 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో అత్యధిక భాగం ఎండాకాలం దున్ని వదిలేసే భూమి. తొలకరి చినుకు నేరుగా ఆ దున్నిన మట్టి మీద పడుతుంది. నేలకోతను అంచనా వేయడానికి మా శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. వాన ధాటి, నేల స్వభావం, వాలు, నేల మీద ఉన్న కప్పు, గట్లు కట్టి సేద్యం చేసే పద్ధతి, వీటికి ఒక్కో అంకె ఇచ్చి గుణిస్తాం. వాన మన చేతిలో లేదు. నేల స్వభావమూ, గుట్ట వాలూ మన చేతిలో లేవు. కప్పు మాత్రం ఉంది. ఏమీ లేని దున్నిన నేలకు ఆ కప్పు అంకె ఒకటి. చెట్టు, పొద, గడ్డి, కింద ఆకుచెత్త అన్నీ ఉన్న మంచి అడవికి అది వెయ్యిలో ఒకటో రెండో. అదే వాన, అదే గుట్ట. తేడా అంతా కప్పుదే.

మన జిల్లాలోనే పోల్చి చూసుకునేందుకు ఇంకో జలాశయం ఉంది. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద పోచారం ప్రాజెక్టును నిజాంసాగర్ కంటే ముందే, 1922 నాటికి కట్టారు. దాని చుట్టూ ఉన్న అడవి నిజాం వేటకు వెళ్లే అడవి. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్లు. మనలో చాలామంది అక్కడి జింకలను చూడటానికి బడి నుంచి విహారయాత్రకు వెళ్లినవాళ్లమే. పోచారం మొదటి సామర్థ్యం 2.423 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 1.82. అంటే వందేళ్లలో పోయింది పావు వంతు. నిజాంసాగర్‌కు నలభై ఏళ్లలో పోయింది సగానికి మించి.

గణితం సార్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా అంతా అడవి వల్లనే అనడం తప్పు. ఒకటి పెద్ద నది, ఒకటి వాగు. నేలలు వేరు. పోచారం పైభాగమంతా అడవీ కాదు. అయినా రెండు జలాశయాల పక్కన నిలబడి చూసినవాడికి, పైన కప్పు ఉన్న నీటికీ కప్పు లేని నీటికీ తేడా తెలియకుండా పోదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అడవి సర్వరోగ నివారిణి కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కురిసిన వాన మీకందరికీ తెలుసు. కొన్నిచోట్ల నలభై సెంటీమీటర్లు దాటింది. అంత వాన పడ్డప్పుడు ఏ అడవీ మొత్తం నీటిని పీల్చుకోలేదు. పోచారం అలుగు మీద నుంచి వరద ఎలా దూకిందో మనం చూశాం. వందేళ్ల కట్ట నిలిచింది. ఆ రాతిపని చేసిన చేతులకు దండం పెట్టాలి. అడవి పని రోజువారీ పని. మామూలు వానను ఆపి, ఇంకించి, వాగును సంక్రాంతి దాకా సన్నగా పారించడం, మట్టిని గుట్ట మీదే ఉంచడం. ఏడాదికి యాభై వానలు పడితే నలభై తొమ్మిది అలాంటి మామూలు వానలే. ఆయకట్టు బతికేది వాటి మీదే.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెబుతాను. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మన సదాశివనగర్‌లోనే మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది సంకల్పం. మంచి పని. ఆ రోజుల్లో ఒక గుట్ట కింది చిన్న చెరువుకు నేనూ అంచనా రాశాను. ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీయాలి, కట్ట ఎంత బలపరచాలి, తూము ఎలా మార్చాలి అన్నీ రాశాను. రైతులు ట్రాక్టర్లు పెట్టి ఆ మట్టిని పొలాలకు తోలుకుపోయారు. మొదటి ఏడు చెరువు అలుగు పారితే నేనే వెళ్లి కొబ్బరికాయ కొట్టాను.

నాలుగేళ్ల తర్వాత ఎండాకాలంలో అటువైపు వెళ్లాను. చెరువులోకి వాగు దిగే చోట, మేము తవ్విన గుంతల్లో, కొత్త మట్టి విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంది. దాని మీద తుమ్మ మొలకలు కూడా వచ్చాయి. తలెత్తి గుట్ట వైపు చూశాను. మోదుగు, తునికి పొదలు మాడి మసిగా ఉన్నాయి. నేల మీద ఒక్క ఎండుటాకు లేదు. నా అంచనాలో చెరువు ఉంది, కట్ట ఉంది, కాలువ ఉంది. గుట్ట లేదు. ఇల్లంతా కడిగి, కప్పులో కారే చోటును వదిలేసినట్టు చేశాను.

అక్కడ మేకలు కాస్తున్న తండా పెద్దమనిషి ఒకాయన్ని అడిగాను, ‘గుట్టకు నిప్పెందుకు పెడుతున్నారు తాతా?’ అని. ఆయన దాచలేదు. నిప్పు పెడితే తునికి చిగురు మంచిగొస్తది, ఆకు కోస్తే నాలుగు పైసలు వస్తాయి, ఇప్పచెట్టు కింద కాలిస్తే పువ్వు ఏరుకోను సులువు అన్నాడు. మీ గుట్టే కదా, మట్టి పోతే నష్టం కదా అన్నాను. అప్పుడాయన అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ‘గుట్ట మాదే సారూ. చెర్వు కిందోళ్లది, పంట కిందోళ్లది. మేం గుట్ట కాస్తే కిందోళ్లు మాకేమిస్తరు?’

నా దగ్గర జవాబు లేదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నీటి పంపకం గురించి ఎన్ని గొడవలు తీర్చానో లెక్కలేదు. తలకాలువ వాళ్లకెంత, చివరి భూములకెంత, ఏ తూము ఎన్ని గంటలు. అన్నీ కట్టకు కింద జరిగే పంపకాలే. కట్టకు పైన ఉన్నవాడికి వాటా ఉందని ఏ పంపకంలోనూ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అడవిని మనం నరికేవాడికీ కాపాడేవాడికీ మధ్య గొడవగా చూస్తాం. నాకిప్పుడు అది ఆయకట్టు లెక్కగా కనిపిస్తోంది. గుట్ట మీది అడవి మన కట్టకు పైనున్న మొదటి కట్ట. దాన్ని కాసేవాడు మన లస్కరు లాంటివాడే. తూము దగ్గరి లస్కరుకు జీతం ఇస్తాం. గుట్ట మీది లస్కరును మాత్రం దొంగలా చూస్తాం.

ఈ లెక్కను సరిచేసిన ఊరు ఒకటి మన దేశంలోనే ఉంది. చండీగఢ్‌లో 1958లో సుఖ్నా అనే చెరువు కట్టారు. కొద్ది కాలంలోనే అది పూడిపోసాగింది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళ్తే శివాలిక్ కొండల్లోని సుఖోమాజ్రీ అనే చిన్న ఊరు తేలింది. పేద ఊరు. మేకలు, పశువులు మేసి కొండ బోడిగా మారింది. పి.ఆర్. మిశ్రా అనే నేల సంరక్షణ శాస్త్రవేత్త 1970లలో అక్కడ పనిచేశారు. కంచె వేయలేదు, కేసులు పెట్టలేదు. కొండ పాదాన చిన్న నీటికుంటలు కట్టి ఆ నీరు ఊరి పొలాలకే ఇచ్చారు. భూమి లేని ఇంటికి కూడా నీటిలో వాటా ఇచ్చారు. కొండ మీది గడ్డి మీద ఆదాయం ఊరి సంఘానికి వచ్చింది. దాంతో పశువులను కొండ మీదికి తోలకూడదని ఊరే నిర్ణయించుకుంది. కొండ పచ్చబడింది, కింద నగరంలోని చెరువుకు చేరే మట్టి తగ్గింది. కంచె మనుషుల మాటలో ఉంది, ఆ మాట నీటి వాటా మీద నిలబడింది.

మనకు చట్టాలు లేక కాదు. 1988 జాతీయ అటవీ విధానం మూడో వంతు భూమి చెట్ల కింద ఉండాలంది. వన సంరక్షణ సమితులు 1990లలోనే వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. 2023 జూన్ చివర్లో మన రాష్ట్రంలో పోడు పట్టాలు ఇచ్చారు. పట్టా వచ్చిన వాళ్లను ఇప్పుడు వేలెత్తి చూపడం న్యాయం కాదు. వాలు భూమిని వాలుకు అడ్డంగా దున్నడం, గట్ల మీద సీతాఫలం, ఇప్ప, మొర్రి ఉంచుకోవడం వాళ్లకు లాభంగా ఎలా మారుతుందో చూడాలి. అందుకయ్యే ఖర్చులో కిందివాళ్ల చెయ్యి కూడా ఉండాలి.

హరితహారంలో మనమందరం మొక్కలు నాటాం. ఫొటోలు కూడా దిగాం. అందులో తప్పు లేదు. రోడ్ల పక్కన ఇవాళ నీడ ఉందంటే దాని వల్లే. అయితే నాటిన మొక్క వేరు, అడవి వేరు. మన గుట్టల మీది టేకు, మోదుగు, తునికి, మద్ది మోడుల్లో ప్రాణం ఉంది. నరికినా వేరు చావదు. మూడు నాలుగేళ్లు నిప్పు, మేక, గొడ్డలి తగలకుండా ఉంచితే ఎవరూ నాటకుండానే పిలకలు వేసి పైకి లేస్తాయి. కింద గడ్డి వస్తుంది, ఆకు రాలుతుంది, చీమలు, వానపాములు నేలను గుల్ల చేస్తాయి. నీటిని ఇంకించేది ఆ గుల్ల నేల. గుంత తవ్వి నాటిన మొక్క వరసలకు ఆ పని నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఇక్కడ అడవి కొట్టి, పరిహారంగా ఇంకో జిల్లాలో మొక్కలు పెంచితే కాగితం మీద లెక్క సరిపోవచ్చు. మన వాగుకు సరిపోదు. ఆ మొక్కల కింద ఇంకిన నీరు మన చెరువుకు రాదు కదా.

నీటిని ఎత్తిపోసుకోవచ్చు కదా అని యువ ఇంజనీర్లు అడుగుతారు. 2021 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు హల్దీ వాగు మీదుగా మంజీరలోకి, నిజాంసాగర్‌లోకి వచ్చాయి. ఎండాకాలంలో వాగు పారడం చూసి నేనూ ఆనందపడ్డాను. కానీ ఎత్తిన ప్రతి చుక్కకూ కరెంటు బిల్లు ఉంటుంది. గుట్ట ఇంకించి వదిలిన చుక్కకు బిల్లు లేదు. పైగా ఎత్తిపోసిన నీటిని నిలుపుకోవడానికీ చోటు కావాలి. ఆ చోటును మట్టి తినేస్తే తెచ్చిన నీటిని ఎక్కడ పెడతాం? సుస్థిరాభివృద్ధి అనే పెద్ద మాటకు నాకు అర్థమైన చిన్న అర్థం ఇదే. మన పంట కోసం మన మనవల చెరువును పూడ్చకుండా ఉండడం.

బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు ఈ సభలో చాలామంది ఇళ్లలో ఉన్నారు. మా అమ్మ కూడా చుట్టింది. నా పరీక్ష ఫీజుల్లో ఆ డబ్బు ఉంది. కాబట్టి తునికాకు కోసేవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నిప్పు పెట్టకుండా కొమ్మలు కత్తిరించినా తునికి చిగురిస్తుంది. కాకపోతే కూలి ఎక్కువ పడుతుంది. ఆ అదనపు కూలి ఎవరు భరించాలి అన్నదే అసలు ప్రశ్న. తండా పెద్దాయన నన్ను అడిగిందీ అదే.

అందుకని స్వర్ణోత్సవ సందర్భంగా మన పూర్వ విద్యార్థుల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వెయ్యి మొక్కలు నాటే కార్యక్రమం వేసుకున్నారని విన్నాను. దాన్ని మానమని అనను. దాంతోపాటు ఒక్క చెరువును, దాని పైనున్న ఒక్క గుట్టను పదేళ్లకు తీసుకుందాం. గ్రామసభ, అటవీ శాఖ ఒప్పుకున్న పద్ధతిలోనే. ఫిబ్రవరిలో గుట్ట చుట్టూ ఆకు ఊడ్చి నిప్పు దాటకుండా దారి తీయించాలి. మార్చి నుంచి మే దాకా కాపలాకు ఆ తండా యువకులనే పెట్టి, వాళ్లు అడుక్కోకుండా నెల నెలా జీతం ఇవ్వాలి. తునికి కొమ్మ కత్తిరింపుకు అయ్యే కూలి మనం కట్టాలి. చెరువు కింది రైతులను కూర్చోబెట్టి, ఎకరానికి ఇంత అని గుట్ట కాపలాకు తీసిపెట్టే మాట అడగాలి. మన ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు ఎంత గట్టిగా ఉంటాయో మీకు తెలుసు. అవి గుడికి, బడికి చందా రాసినట్టే గుట్టకూ రాయగలవు. ముందు నా పేరు రాసుకోండి. ఏటా ఒక నెల పింఛను నేనిస్తాను, ఉద్యోగ విరమణ దాకా ఒక నెల జీతం.

విద్యార్థులకు కూడా ఒక పని ఉంది. చెరువు శిఖంలో, వాగు దిగే చోట, గుర్తులు చెక్కిన రాళ్లు ఐదు పాతుదాం. ప్రతి మే నెలలో తొమ్మిదో తరగతి పిల్లలు వెళ్లి, మట్టి ఏ గుర్తు దాకా వచ్చిందో చూసి రిజిస్టరులో రాయాలి. సైన్సు సారు సంతకం పెట్టాలి. పదేళ్ల తర్వాత వజ్రోత్సవ సంచికలో ఆ లెక్క అచ్చువేయాలి. మట్టి పెరగడం తగ్గితే మనం గెలిచినట్టు. తగ్గకపోతే ఎక్కడ తప్పామో నిజాయితీగా రాసుకోవాలి. నా ఎనిమిదో తరగతి వ్యాసంలో లేనిది అదే. అందులో ఉపదేశం ఉంది, కొలత లేదు.

మా రోజుల్లో ఒక సారు ఉండేవారు. ఇవాళ ఆయన లేరు. లెక్క తప్పు చేస్తే కొట్టేవారు కాదు, ‘ఏ మెట్టు వదిలేశావో వెతుకు’ అనేవారు. నేను ముప్పై ఏళ్లు నీటి లెక్కలు చేసి ఒక మెట్టు వదిలేశాను. అది గుట్ట మీద ఉంది. దాన్ని వెతికి పెట్టింది నా చదువు కాదు, మేకలు కాసే ఒక పెద్దాయన ప్రశ్న. ఆయనకు జవాబు చెప్పడానికి మీ సాయం అడుగుతున్నాను.